ఎడమకు తిరిగే ట్రైలర్, నేరుగా వెళ్ళే సైకిల్: మా కూడలిలో ఏమి మార్చమని అడగాలి?

గాజువాక_గోపాల్
గాజువాక దాటాక జాతీయ రహదారి నుంచి మా కాలనీ వైపు ఎడమకు తిరిగే కూడలి ఒకటి ఉంది. పోయిన వారం తెల్లవారుజామున షిఫ్టుకు వెళ్తున్న ఒక కాంట్రాక్టు కార్మికుడి సైకిల్, ఎడమకు తిరుగుతున్న ట్రైలర్ వెనక చక్రాల కింద పడింది. మనిషి బతికాడు, కాలు పోయింది. అతను సిగ్నల్ దాటలేదు, రాంగ్ రూట్‌లో రాలేదు. పచ్చ దీపం ఉండగానే రోడ్డుకు ఎడమ పక్కన నేరుగా వెళ్తున్నాడు. తర్వాత రెండు రోజులు బారికేడ్లు పెట్టారు, మూడో రోజు తీసేశారు. కాలనీలో సగం మంది సైకిల్ వాడు చూసుకోవాలంటున్నారు, మిగతా సగం డ్రైవర్‌ను జైల్లో వేయాలంటున్నారు. మా అమ్మాయి ఈ ఏడాది నుంచి స్కూటీ మీద కాలేజీకి అదే కూడలి మీదుగా వెళ్తోంది. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వాలనుకుంటున్నాం. "తగు చర్యలు తీసుకోగలరు" అని రాస్తే ఆ కాగితం ఎక్కడికి వెళ్తుందో అందరికీ తెలుసు. ఫలానా చోట ఫలానా మార్పు చేయండి అని రాయాలి. తెలిసినవారు చెప్పండి.

సత్యం_సత్తెనపల్లి
ముందు మనుషులు మారాలి. ఏ కూడలిలోనైనా పది నిమిషాలు నిలబడి చూడండి. స్టాప్ లైన్ మీద ఎవరూ ఆగరు, హెల్మెట్ సగం మందికి ఉండదు, సైకిళ్ళకు వెనక లైటు ఉండదు. రోడ్డును ఎంత మార్చినా నడిపేవాడు మారకపోతే ప్రయోజనం లేదు. గట్టిగా జరిమానాలు వేయమని రాయండి.

గాజువాక_గోపాల్
సత్యం గారూ, జరిమానాలు వద్దని నేను అనడం లేదు. కానీ ఇక్కడ ఎవరికి వేయాలి? అతను తప్పు చేయలేదని చెప్పాను కదా.

వెనక_టైరు
ముప్పై ఏళ్ళు లారీ నడిపి మానేసినవాడిని. గోపాల్ గారు చెప్పింది చదివితే ఏమి జరిగిందో కళ్ళకు కట్టినట్టు ఉంది, రాస్తాను.

పొడవు బండి ఎడమకు తిరగాలంటే డ్రైవర్ ముందు కొంచెం కుడికి జరుగుతాడు. లేకపోతే వెనక భాగం ఫుట్‌పాత్ ఎక్కుతుంది. అలా కుడికి జరిగినప్పుడు ఎడమ పక్కన ఖాళీ కనిపిస్తుంది. సైకిల్ వాడు, బైక్ వాడు "ఆహా, దారి ఇచ్చాడు" అనుకుని అందులోకి వస్తారు. అప్పుడే బండి తిరగడం మొదలవుతుంది. వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ రెండు దారుల మధ్య సైకిలూ మనిషీ ఇరుక్కునేంత తేడా ఉంటుంది. పైగా క్యాబిన్ ఎత్తు మీద ఉంటుంది, ఎడమ తలుపు పక్కన కింద ఉన్న మనిషి అద్దంలో కనిపించడు. మా రోజుల్లో క్లీనర్ ఎడమవైపు కిటికీలోంచి తల బయట పెట్టి "రానీ, రానీ, ఆపు" అనేవాడు. ఇప్పుడు చాలా బండ్లలో క్లీనర్ లేడు. ఆ డ్రైవర్ తాగి నడిపాడా, ఫోను మాట్లాడుతున్నాడా నాకు తెలియదు. ఏమీ చేయకపోయినా ఇది జరగగలదు, అదే భయం.

లలిత_స్కూటీ
నేను ఎడమ అంచున ఆగి ఉండగా లారీయే వెనక నుంచి వచ్చి పక్కన ఆగితే? అప్పుడు ఏమి చేయాలి? నాకు ఇది రోజూ జరుగుతుంది.

వెనక_టైరు
అమ్మా, డ్రైవర్ ముఖం మీకు అద్దంలో గానీ నేరుగా గానీ కనిపించడం లేదంటే ఆయనకు మీరు కనిపించడం లేదు. ముందుకు వెళ్ళే వీలుంటే ఆయన కళ్ళకు కనిపించేంత ముందుకు వెళ్ళండి. బంపర్‌ను ఆనుకుని మాత్రం నిలబడవద్దు, అక్కడా కనిపించరు. వీలు లేకపోతే బండి దిగి ఫుట్‌పాత్ మీదకు లాగేయండి. ఆయన వెళ్ళాక మీరు వెళ్ళండి. ఇండికేటర్ వేశాడా లేదా అని చూసి నిర్ణయించుకోవద్దు, చాలా ట్రైలర్ల వెనక దీపాలు వెలగవు.

డెలివరీ_డైరీ
ఈ ఒక్క పోస్టు మా రైడర్ల గ్రూపులన్నిటిలో పెడుతున్నాను. మాకు చేరిన రోజు యాప్ ఎలా వాడాలో చెప్పారు, లారీ పక్కన ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పలేదు.

సిగ్నల్_శాస్త్రి
ట్రాఫిక్ ఇంజినీరింగ్ నా వృత్తి. గోపాల్ గారూ, నాలుగు విషయాలు చెప్పండి. ఎడమ మలుపు అంచు గుండ్రంగా, విశాలంగా ఉందా, లేక బిగువుగా ఉందా? అక్కడ ఫ్రీ లెఫ్ట్, అంటే సిగ్నల్‌తో పని లేకుండా ఎడమకు తిరిగిపోయే దారి, ఉందా? రహదారి మీద స్టాప్ లైన్ నుంచి కూడలి అవతలి అంచుకు ఎంత దూరం? పచ్చ దీపం ఆరాక అవతలి దిక్కుకు పచ్చ వచ్చేలోపు ఎన్ని సెకన్లు?

గాజువాక_గోపాల్
మలుపు చాలా విశాలం, కారు వేగం తగ్గించకుండానే తిరిగిపోతుంది. ఫ్రీ లెఫ్ట్ ఉంది, మధ్యలో గీతలు వేసిన తిన్నె కూడా ఉంది కానీ అరిగిపోయింది. దూరం అడుగులతో కొలిచాను, దాదాపు 48 మీటర్లు. సెకన్లు ఫోనులో వీడియో తీసి చూశాను: పసుపు 3, తర్వాత అన్ని వైపులా ఎరుపు 2.

సిగ్నల్_శాస్త్రి
సరే, లెక్క చూద్దాం. సైకిల్ గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తే సెకనుకు సుమారు 4 మీటర్లు. 48 మీటర్లు దాటాలంటే 12 సెకన్లు. పచ్చ చివరి క్షణంలో న్యాయంగానే లోపలికి వచ్చిన సైకిల్‌కు మీ సిగ్నల్ ఇచ్చేది 5 సెకన్లు, అంటే 20 మీటర్లు. మిగిలిన 28 మీటర్లు అవతలి దిక్కు పచ్చ మీద పడి వచ్చే బైకులకు, బస్సులకు ఎదురుగా దాటాలి. అదే బైక్ గంటకు 36 కిలోమీటర్ల మీద అయితే సెకనుకు 10 మీటర్లు, ఆ 5 సెకన్లలో బయటపడుతుంది. అంటే ఆ సిగ్నల్ కారును, బైకును మనసులో పెట్టుకుని వేసింది. సైకిల్‌ను ఎవరూ లెక్క వేయలేదు.

ఇక ఎడమ మలుపు. సైకిల్ వాడిని ఎడమ పక్కనే వెళ్ళమంటాం. ఆ ఎడమ పక్కనే ఫ్రీ లెఫ్ట్ పెడతాం. నేరుగా వెళ్ళే సైకిల్ దారిని వేగంగా తిరిగే బండ్ల దారి అడ్డంగా కోస్తుంది. అక్కడ ఎవరు ఆగాలో ఏ గీతా చెప్పదు. పెద్దాయన చెప్పిన ట్రైలర్ కోత దీనికి తోడైతే ఏమవుతుందో మీరు చూశారు. ప్రమాదం జరిగిన చోటు ఆ ఫ్రీ లెఫ్ట్ నోటి దగ్గరేనా?

గాజువాక_గోపాల్
అవును, సరిగ్గా అక్కడే.

తార్నాక_తాయారు
హైదరాబాద్‌లో 2022 అక్టోబర్‌లో ట్రాఫిక్ పోలీసులు రోడ్డు మీద అడ్డంకులు తొలగించడానికి ఆపరేషన్ రోప్ మొదలుపెట్టినప్పుడు ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డం నిలబడితే వెయ్యి రూపాయలు జరిమానా అన్నారు. నేరుగా వెళ్ళాల్సిన సైకిల్ అతను ఎక్కడ నిలబడాలి మరి? ఎడమన నిలబడితే వెనక నుంచి హారన్ల మోత, మధ్యలోకి వస్తే రెండు బస్సుల నడుమ. ఈ ప్రశ్న నేను అడిగినప్పుడల్లా "సైకిళ్ళు ఎక్కడున్నాయమ్మా ఇప్పుడు" అంటారు. తెల్లవారుజామున అయిదింటికి రోడ్డు మీదకు వచ్చి చూడాలి. పాలవాళ్ళు, పేపర్ కుర్రాళ్ళు, కాపలాదారులు, కూలీలు.

సత్యం_సత్తెనపల్లి
శాస్త్రి గారి లెక్క బాగుంది కానీ ఆచరణ చూడండి. నాలుగు దిక్కులకూ అన్ని ఎరుపులు మరో ఏడు సెకన్లు పెంచితే ఒక్కో చుట్టుకు 28 సెకన్లు వృథా. ఆ రహదారి మీద పోర్టు బండ్లు మైలు పొడవున ఆగుతాయి. విసిగిపోయిన జనం సిగ్నలే దాటేస్తారు.

సిగ్నల్_శాస్త్రి
మంచి అభ్యంతరం. నాలుగు దిక్కులకూ అక్కరలేదు, పొడవుగా దాటాల్సిన రహదారి దిక్కుకు పెంచితే చాలు. రోజంతా కూడా అక్కరలేదు. సిగ్నల్ పెట్టెలో వేళను బట్టి వేర్వేరు ప్రణాళికలు పెట్టవచ్చు. షిఫ్టు మారే వేళల్లో సైకిళ్ళు గుంపుగా వస్తాయి కాబట్టి అప్పుడు పెంచి, మిగతా సమయంలో తగ్గించవచ్చు. సైకిళ్ళు ఆగే గీతను ముందుకు జరిపి, మూలలను బిగించి కూడలినే చిన్నది చేస్తే ఆ 48 మీటర్లు తగ్గుతాయి, ఎరుపు అంత పెంచాల్సిన పనే ఉండదు. కూడలి ఎంత పెద్దదైతే అంత ప్రమాదం, ఎంత చిన్నదైతే అంత చురుకు.

లలిత_స్కూటీ
నన్ను ఎక్కువ భయపెట్టేది ఎదుటి నుంచి వచ్చి కుడికి తిరిగే ఆటోలు, కార్లు. నేను పచ్చలో నేరుగా వస్తున్నా, నన్ను చూస్తూనే తిరిగేస్తారు!

సిగ్నల్_శాస్త్రి
చూస్తారు కానీ దూరం, వేగం తప్పుగా అంచనా వేస్తారు. బైక్ ముందు భాగం సన్నగా ఉంటుంది, అందుకే అదే దూరంలో ఉన్న కారు కన్నా దూరంగా, నెమ్మదిగా వస్తున్నట్టు కనిపిస్తుంది. కొత్త బైకులకు 2017 ఏప్రిల్ నుంచి హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగేలా చేసింది ఇందుకే. అసలు పరిష్కారం కుడి మలుపుకు వేరే పచ్చ ఇవ్వడం. అప్పటిదాకా లలిత గారూ, కూడలిలోకి వచ్చేటప్పుడు బ్రేక్ మీద వేళ్ళు ఉంచండి. గంటకు 50 కిలోమీటర్ల మీద ఒక్క సెకను ఆలోచనలో పోతే 14 మీటర్లు వెళ్ళిపోతారు.

డెలివరీ_డైరీ
సత్యం గారు రాంగ్ రూట్ అనకముందే నేను చెబుతాను. మా వైపు ఒక కూడలి మూసేసి, యూటర్న్ కిలోమీటరుకు పైగా దూరంలో పెట్టారు. రోడ్డుకు అవతల కనిపిస్తున్న ఇంటికి వెళ్ళడానికి రెండు కిలోమీటర్లకు పైగా తిరగాలి. ఒక్కో ఆర్డర్‌కు అలా తిరిగితే పెట్రోలు మా జేబులోంచే. సగం మంది రాంగ్ రూట్‌లో వస్తారు, అది ప్రాణాంతకం, నేను సమర్థించను. కానీ దారి మూసిన చోట రాంగ్ రూట్ పుడుతుందని కూడలి గీసేవారికి తెలియదా? అది కూడా అర్జీలో రాయండి: కూడలి మూసేయడం పరిష్కారం కాదు అని. మీ దగ్గర ప్రమాదం జరిగితే వాళ్ళకు మొదట తోచేది అదే.

తార్నాక_తాయారు
నిజం. మా తార్నాక కూడలిని ఏళ్ళ తరబడి మూసి ఉంచి యూటర్నులతో నడిపారు. 2025లో మళ్ళీ తెరిచి సిగ్నల్ పెట్టారు. నడిచి దాటేవాళ్ళకు యూటర్న్ వల్ల ఒరిగేదేమీ లేదు, ఆగని బండ్ల మధ్య నుంచే పరుగెత్తాలి.

సత్యం_సత్తెనపల్లి
యూటర్న్ దూరమైతే మాత్రం ఎదురు రావచ్చా? మా బావమరిది ఎదురుగా వచ్చిన బైక్ వల్లే మంచం పట్టాడు. డెలివరీ బాబూ, నీ కష్టం అర్థమైంది, కానీ జరిమానా వేయాల్సిందే.

డెలివరీ_డైరీ
వేయండి అన్నా, నేను కాదనడం లేదు. జరిమానాతో పాటు దారి కూడా ఇవ్వమంటున్నాను.

ఐండ్‌హోవెన్_అనూష
నెదర్లాండ్స్‌లో ఉంటాను, రోజూ సైకిల్ మీదే ఆఫీసుకు. ఇక్కడి కూడళ్ళలో నాకు నచ్చేది మూలలో ఉండే చిన్న రాతి తిన్నె. దాని వల్ల కారు నెమ్మదిగా, గట్టి మలుపు తీసుకోవాలి. సైకిల్ దాటే దారి రోడ్డు అంచున కాకుండా దాదాపు ఒక కారు పొడవు లోపలికి జరిపి ఉంటుంది. అందుకే తిరిగిన కారు మనకు అడ్డంగా, మనవైపు చూస్తూ ఆగుతుంది. డ్రైవర్ పక్క అద్దంలో వెతకక్కరలేదు, కారు ముందు అద్దంలోంచే మనిషి కనిపిస్తాడు. వెనక_టైరు గారు చెప్పిన "ముఖం కనిపించాలి" అన్నదాన్నే ఇక్కడ రాళ్ళతో కట్టారు.

సత్యం_సత్తెనపల్లి
అది హాలండ్ అమ్మా. వాళ్ళు పుట్టినప్పటి నుంచి సైకిలే. మన లారీలు, మన జనాభా వేరు.

ఐండ్‌హోవెన్_అనూష
పుట్టినప్పటి నుంచి ఇలా లేదండీ. 1971లో ఈ చిన్న దేశంలో రోడ్ల మీద దాదాపు 3300 మంది చనిపోయారు, అందులో పిల్లలే 400 మందికి పైగా. తల్లిదండ్రులు రోడ్ల మీదకు వచ్చి "పిల్లల హత్యలు ఆపండి" అనే పేరుతోనే ఉద్యమం చేశారు. ఆ తర్వాతే ఈ రాళ్ళన్నీ వచ్చాయి. అప్పుడు అక్కడి పెద్దలు కూడా కారు లేకపోతే ఊరు ఆగిపోతుందనే అన్నారు. గోపాల్ గారి అర్జీ కూడా అలాంటిదే అనిపిస్తోంది నాకు.

సిన్చూ_కిరణ్
నేను తైవాన్‌లో చదువుకుంటున్నాను. మనకు నెదర్లాండ్స్ కన్నా తైవానే దగ్గర పోలిక, ఇక్కడ ఎక్కడ చూసినా స్కూటర్లే. సిగ్నల్ దగ్గర కార్ల స్టాప్ లైన్‌కు ముందు స్కూటర్లకు వేరే గడి గీసి ఉంటుంది. స్కూటర్లన్నీ అక్కడ, కార్ల కళ్ళ ముందు నిలబడతాయి, ముందు వెళ్ళిపోతాయి. రోడ్డుకు అడ్డంగా తిరగాలంటే చాలా చోట్ల రెండు దశల్లో తిరగాలి: ముందు నేరుగా దాటి, అవతలి మూలలో ఉన్న గడిలో ఆగి, ఆ దిక్కుకు పచ్చ వచ్చాక వెళ్ళాలి. మన దగ్గర కుడి మలుపుకు ఇది పనికొస్తుంది. కానీ స్కూటర్ వాళ్ళందరికీ ఇది ఇష్టమేమీ కాదు. పెద్ద కార్ల కోసం మమ్మల్ని రెండుసార్లు ఆపుతున్నారని నిరసనలు చేసినవారూ ఉన్నారు.

లలిత_స్కూటీ
సైకిల్‌కూ, కొత్తగా నేర్చుకున్న నా లాంటి వారికీ ఆ రెండు దశల మలుపు చాలా నయం. నేను ఇప్పటికీ బండి దిగి జీబ్రా మీద తోసుకుంటూనే కుడికి వెళ్తాను.

తార్నాక_తాయారు
గడి గీస్తే మనవాళ్ళు జీబ్రా మీదకు ఎక్కుతారేమో అని నా అనుమానం. ఇప్పటికే నడిచేవారికి జీబ్రాలో ఒక్క గీత మిగలడం లేదు.

సిగ్నల్_శాస్త్రి
బైకులు ఎలాగూ కార్ల మధ్య నుంచి ముందుకు వస్తాయి. వాటికి చోటు లేదు కనుకే జీబ్రా మీదకు వస్తున్నాయి. కార్ల లైన్‌ను వెనక్కి జరిపి, మధ్యలో బైకులకు, సైకిళ్ళకు చోటిచ్చి, జీబ్రాను వదిలేయాలి. ఫ్రీ లెఫ్ట్ ఉన్నంత కాలం మాత్రం ఆ గడి వల్ల ఎడమ మూల ప్రమాదం తగ్గదు. గోపాల్ గారి కూడలికి మొదటి మందు ఫ్రీ లెఫ్ట్ తీసేయడమే.

ఎమర్జెన్సీ_నర్సు
ప్రమాదం తర్వాత మా దగ్గరకు వచ్చేవాళ్ళను చూసి చెబుతున్నాను. హెల్మెట్ తలకు గాయమయ్యే అవకాశాన్ని సుమారు 69 శాతం, మరణాన్ని సుమారు 42 శాతం తగ్గిస్తుందని పరిశోధనలన్నీ కలిపి చూసినవారు తేల్చారు. అది పట్టీ బిగించిన హెల్మెట్ మాట. పట్టీ పెట్టకపోతే తల నేలను తాకేలోపే హెల్మెట్ ఎగిరిపోతుంది. గడ్డం కింద రెండు వేళ్ళు దూరేంత బిగువు చాలు. వెనక కూర్చునే అమ్మకు, పిల్లలకు కూడా. దయచేసి ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి. అయితే ఒక మాట: ట్రైలర్ చక్రం కింద హెల్మెట్ ఏమీ చేయలేదు. కాబట్టి సత్యం గారు, శాస్త్రి గారు ఇద్దరూ కావాలి మాకు.

వంకాయల_హెల్మెట్
మా నాన్నగారు సంతకు హెల్మెట్‌తో వెళ్ళి అందులో వంకాయలు తెచ్చారు. సంచి మర్చిపోయారట. ఆ రోజు నుంచి నా పేరు ఇదే :)

ఎమర్జెన్సీ_నర్సు
నవ్వాను కానీ, వచ్చేటప్పుడు తలకు ఏమి పెట్టుకున్నారు? ఆయనకు సంచి కూడా ఒకటి కొనిపెట్టండి.

హోబోకెన్_పక్కింటి
న్యూజెర్సీ నుంచి. మా పక్కనే ఉన్న హోబోకెన్ చిన్న, ఇరుకు ఊరు. అక్కడ కూడలి మూలల్లో కార్లు నిలపకుండా చోటు ఖాళీ చేశారు. ఖాళీ చేయమని బోర్డు పెట్టి వదిలేయలేదు, అక్కడ స్తంభాలు, సైకిల్ స్టాండ్లు, పూల తొట్లు పెట్టి మళ్ళీ కార్లు రాకుండా చేశారు. దాటేవారు, తిరిగేవారు ఒకరికొకరు కనిపిస్తారు. ఊరంతటా వేగం కూడా తగ్గించారు. 2017 తర్వాత ఏడేళ్ళకు పైగా ఆ ఊళ్ళో రోడ్డు ప్రమాదంలో ఒక్క మరణం లేదు. గోపాల్ గారూ, మీ మూలలో ఏముంది?

గాజువాక_గోపాల్
మూలలో ఒక పెద్ద ఫ్లెక్సీ, దాని పక్కన ఆగే ఆటోలు, ఒక టిఫిన్ బండి. ఫ్లెక్సీలో ఎవరి పుట్టినరోజో ఉంది, అది అయిపోయి చాలా రోజులైంది. మీరు అడిగాక వెళ్ళి చూశాను. స్కూటీ ఎత్తులో కూర్చుంటే కాలనీ రోడ్డు నుంచి వచ్చే బండి అసలు కనిపించదు.

సత్యం_సత్తెనపల్లి
ఫ్లెక్సీ, టిఫిన్ బండి రెండూ తీయించేయండి.

లలిత_స్కూటీ
ఫ్లెక్సీ తీయించండి, టిఫిన్ బండిని మాత్రం వద్దు. షిఫ్టు దిగినవాళ్ళకు ఆ వేళకు వేడిగా దొరికేది అక్కడే. మలుపు దాటాక పది పదిహేను మీటర్ల అవతల వాళ్ళకు చోటు గీసి ఇమ్మని అడగండి. అర్జీలో ఆ మాట లేకపోతే అధికారులు ముందు చేసే పని బండి ఎత్తేయడమే, రోడ్డు మాత్రం అలాగే ఉంటుంది.

గాజువాక_గోపాల్
ఆ టిఫిన్ బండి ఆవిడే ఆ రోజు 108కు ఫోను చేసింది. తప్పకుండా రాస్తాను.

చట్టం_వాణి
న్యాయవాదిని. అర్జీకి పనికొచ్చేవి చెబుతాను. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 198ఏ సెక్షన్ వచ్చింది. రోడ్డును ప్రమాణాల ప్రకారం రూపొందించకపోవడం, నిర్వహించకపోవడం వల్ల మరణం గానీ వైకల్యం గానీ కలిగితే బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా. డబ్బు చిన్నదే, కానీ బాధ్యత రోడ్డు కట్టినవాడిది కూడా అని చట్టమే ఒప్పుకుంది. ఆ మాట అర్జీలో ఉండాలి.

జాతీయ రహదారి మీద 500 మీటర్ల నిడివిలో మూడేళ్ళలో మరణం లేదా తీవ్ర గాయాలు అయిన ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. స్టేషన్‌లో మూడేళ్ళ ప్రమాదాల వివరాలు సమాచార హక్కు కింద అడగండి. లెక్క సరిపోతే మీ కూడలిని బాగుచేయడం వాళ్ళ పని జాబితాలోకి వస్తుంది. ప్రతి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది, ఒక ప్రతి అక్కడికి పంపండి.

గాయపడిన అతని కుటుంబానికి చెప్పండి: 2025 మేలో నోటిఫై అయిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర దాకా నగదు రహిత చికిత్స ఉంది. వాళ్ళ దగ్గర ఆసుపత్రి డబ్బు కట్టించుకుందా అని అడగండి. టిఫిన్ బండి ఆవిడలా సాయం చేసినవారిని కేసులో ఇరికించకుండా 134ఏ సెక్షన్ కాపాడుతుంది, ఆవిడకు ఆ ధైర్యం చెప్పండి.

గాజువాక_గోపాల్
వాణి గారూ, పథకం సంగతి ఈ రోజే వాళ్ళింటికి వెళ్ళి చెబుతాను. వాళ్ళు అప్పు తెచ్చి కట్టారని విన్నాను.

రేడియం_రాజు
నాది సైకిల్ రిపేరు షాపు, మా నాన్న కాలం నుంచి. సైకిల్‌కు వెనక మడ్‌గార్డు మీద ఎర్ర రేడియం స్టిక్కర్, పెడల్స్‌కు పసుపు, చక్రాల పుల్లలకు తెల్లవి అంటిస్తే చీకట్లో లారీ దీపం పడగానే మెరుస్తాయి. పెడల్ తిరుగుతూ పైకీ కిందకీ ఊగుతుంది కనుక అది సైకిల్ అని దూరం నుంచే తెలుస్తుంది. ఖర్చు ఒక టీ, టిఫిన్ అంత కూడా కాదు. మీ కాలనీలో ఒక ఆదివారం పెట్టించుకుంటే స్టిక్కర్లు నేను తెస్తాను. అనకాపల్లి నుంచి ఎంత దూరం!

సత్యం_సత్తెనపల్లి
రాజు గారూ, స్టిక్కర్ల ఖర్చులో సగం నాది. గోపాల్ గారూ, అర్జీలో వేగం కెమెరా కూడా రాయండి. దేశంలో 2022లో రోడ్ల మీద చనిపోయిన 1,68,491 మందిలో ద్విచక్ర వాహనదారులే 44.5 శాతం. వేగం తగ్గించకుండా గీతలతో పని అవదు, నా మాట అదే.

సిగ్నల్_శాస్త్రి
వేగం మాటలో మీతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. జాతీయ రహదారి మీద స్పీడ్ బ్రేకర్ వేయరు, అడిగి లాభం లేదు. కానీ కాలనీ రోడ్డు మొదట్లో, అంటే మలుపు నోటి దగ్గర, నడిచే దారిని ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి కట్టమని అడగవచ్చు. తిరిగే ప్రతి బండీ దాని మీద నెమ్మదించాలి. మూలలో గట్టు కట్టేలోపు, బండి తగిలితే వంగి మళ్ళీ లేచే ప్లాస్టిక్ స్ప్రింగ్ స్తంభాలు, రంగు చాలు. ముంబై మలాడ్‌లోని మీఠ్ చౌకీ దగ్గర ఇలాగే ముందు కోన్లు, బారికేడ్లు పెట్టి చూశారు. ఖర్చు తక్కువ, పని చేయకపోతే జరపవచ్చు. అధికారులు ఒప్పుకునే మాట అదే: నెల రోజులు ప్రయోగంగా చేద్దాం అనండి.

డెలివరీ_డైరీ
రంగు అంటే గుర్తొచ్చింది. జీబ్రా మీద మందంగా వేసే రంగు వానలో సబ్బులా జారుతుంది. నున్నటి రంగు కాకుండా గరుకుది వేయమని రాయండి. బైకులు ఎక్కువగా జారేది బ్రేక్ వేసే ఆ చోటే.

గాజువాక_గోపాల్
అర్జీ ఇలా రాశాను, చూడండి: "రహదారి నుంచి కాలనీకి తిరిగే ఫ్రీ లెఫ్ట్ తీసేసి ఎడమ మలుపును కూడా సిగ్నల్ కిందకు తేవాలి. మూలను స్ప్రింగ్ స్తంభాలతో బిగించి నెల రోజులు ప్రయోగంగా చూడాలి. షిఫ్టు వేళల్లో రహదారి దిక్కుకు పచ్చ తర్వాత అన్ని వైపులా ఎరుపును సైకిల్ దాటే సమయానికి సరిపడా పెంచాలి. కార్ల స్టాప్ లైన్ వెనక్కి జరిపి ముందు సైకిళ్ళకు, బైకులకు గరుకు రంగుతో చోటు గీయాలి. మూలలో ఫ్లెక్సీ తీసి, ఆటోలకు, టిఫిన్ బండికి మలుపు అవతల చోటు చూపాలి. కూడలిని మూసేసి యూటర్న్ పెట్టవద్దు." దీనికి కొలతలు, వీడియో, మూడేళ్ళ ప్రమాదాల వివరాల కోసం పెట్టిన దరఖాస్తు ప్రతి జత చేస్తున్నాను.

చట్టం_వాణి
ప్రమాదం తేదీ, సమయం, ఎఫ్ఐఆర్ నంబరు మొదటి వాక్యంలోనే రాయండి. 198ఏ మరవద్దు. రసీదు తీసుకోకుండా బయటకు రావద్దు.

సిగ్నల్_శాస్త్రి
ఒక్క సందేహం వాళ్ళకు వస్తుంది: మూల బిగిస్తే ట్రైలర్ తిరుగుతుందా అని. దానికి మన దగ్గర రుజువు ఉండాలి. ఇప్పుడు అది ఎంత మేర తిరుగుతోందో, ఎంత చోటు ఎవరికీ అక్కరలేకుండా మిగిలిందో చూపించాలి.

వెనక_టైరు
దానికి ఉపాయం ఉంది. మూలంతా ముగ్గు పిండి పల్చగా చల్లండి. తిరిగే బండ్ల టైర్ల జాడ పడుతుంది. ఏ టైరూ తొక్కని చోటు తెల్లగా మిగులుతుంది, అక్కడిదాకా స్తంభాలు పెట్టవచ్చు. వెనక చక్రం ఎంత లోపలికి కోస్తుందో కూడా ఫోటోలో స్పష్టంగా వస్తుంది. నా పాత స్నేహితుడు ఇప్పటికీ ట్రైలర్ నడుపుతున్నాడు, ఆదివారం పొద్దున ఖాళీ బండితో వస్తానన్నాడు. కానిస్టేబుల్‌కు ముందే చెప్పి, ఆయన బండ్లు ఆపాకే చల్లాలి. ఎవరూ రోడ్డు మధ్యకు వెళ్ళకూడదు.

సిగ్నల్_శాస్త్రి
పెద్దాయనా, ఇంతకన్నా మంచి సర్వే నేను కూడా చేయలేను. ఫోటోలు ఏదైనా మేడ మీద నుంచి తీయండి, మొత్తం మూల రావాలి.

గాజువాక_గోపాల్
మూలకు ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్ వాళ్ళు మేడ తాళం ఇస్తామన్నారు. కానిస్టేబుల్‌తో మాట్లాడాను, ఆదివారం ఆరున్నరకు రమ్మన్నారు.

లలిత_స్కూటీ
నేనూ వస్తాను, మధురవాడ నుంచే కదా. ముగ్గు పిండి ఎంత కావాలి?

వెనక_టైరు
పది కిలోలు తెండమ్మా. చివరి రెండు కిలోలు మిగిలితే టిఫిన్ బండి ఆవిడకు ఇద్దాం. వాన పడితే మాత్రం వచ్చే ఆదివారానికి మార్చాలి.

రేడియం_రాజు
స్టిక్కర్లు కూడా ఆ రోజే తెస్తాను. షిఫ్టుకు వెళ్ళే సైకిళ్ళు ఆ వేళకు దొరకవు, దిగి వచ్చేటప్పుడు టిఫిన్ బండి దగ్గర పట్టుకుందాం.